గడ్డ కరిగిందిగా, ఇంకా ఆపరేషన్ ఎందుకు?

"ఆపరేషన్ ఇప్పుడు కాదమ్మా. ముందు కీమో. ఆరు నెలలయ్యాక ఆపరేషన్."

విజయవాడలో డాక్టరమ్మ ఈ మాట అన్నప్పుడు గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. నేను, మా ఆయన, మా తమ్ముడు. నాలుగో మనిషి మా నాన్న. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ఆ నిమిషంలో ప్రశాంతంగా ఉన్నది ఆయనొక్కరే.

మా వైపు ఒక లెక్క ఉంది. డాక్టరు "ఆపరేషన్ చేసేద్దాం" అంటే మనిషి దక్కుతుంది. "ఇప్పుడే వద్దు, మందులు వాడి చూద్దాం" అంటే చెయ్యి దాటిపోయిందని. పైకి ఎవరూ అనరు. పలకరించడానికి వచ్చినవాళ్ళు కాఫీ గ్లాసు పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడే తీరులోనే తెలిసిపోతుంది. కారు గుడివాడ చేరేలోపు మా తమ్ముడు హైదరాబాదులో ముగ్గురికి ఫోన్ చేశాడు. "చేతికి తగులుతోంది కదా బావా! కోసి పారేస్తే పోయేదాన్ని ఆరు నెలలు లోపలే పెట్టుకోమంటారేంటి?" అని వాడి బాధ. మా ఆయన స్టీరింగ్ మీంచి కళ్ళు తిప్పలేదు. నాకైతే ఒకటే అనిపించింది. నిజం చెప్పడం లేదు వీళ్ళు.

కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. ముదినేపల్లి సెంటర్లో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నా. మెడలో టేపు లేకుండా నన్ను చూస్తే మా వీధివాళ్ళు గుర్తుపట్టరు. రోజూ పదిమంది ఆడవాళ్ళ ఛాతీ కొలతలు తీసే నేను, నా ఒంట్లో గడ్డని మాత్రం స్నానాల గదిలో సబ్బు జారితే కనుక్కున్నా. సింగరాయపాలెం సుబ్బారాయుడి షష్ఠి తిరునాళ్ళ రోజులవి. ఎడమవైపు, పైన, చంక దగ్గరగా. రాతిగజ్జి నిమ్మకాయంత గట్టిగా ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకున్నా. పైగా సంక్రాంతి ముందు నెల. గుట్టలుగా జాకెట్లు. పండగయ్యాక చూసుకుందాంలే అని వదిలేశా. ఆ ఐదారు వారాల ఆలస్యం నాది. ఇంకెవరి మీదకీ నెట్టను.

పండగ వెళ్ళాక గుడివాడలో స్కానింగ్, ఆపైన విజయవాడలో మామోగ్రామ్, సూదితో ముక్క తీసి బయాప్సీ. గడ్డ 3.8 సెంటీమీటర్లు. చంకలో ఒక లింఫ్ గ్రంథిలోకి కూడా వచ్చింది. నా వయసు అప్పటికి 46. సెంటీమీటర్లంటే నాకు ఎవరూ వివరించక్కర్లేదు కదా. ఆ రాత్రి టేపు తీసి 3.8 దగ్గర గోరు పెట్టి చూసుకున్నా. ఇంతే, అనుకున్నా. ఇంతదానికా ఇల్లంతా ఏడుస్తోంది?

కీమో ముందు అన్నరోజు రాత్రి అరుగు మీద కూర్చున్నాక మా నాన్న అడిగారు. "ఇంతకీ ఏవన్నార్రా డాక్టరు?" మా తమ్ముడు చెవిలో అరిచి చెప్పాడు. గడ్డ తీయరంట, ముందు మందెక్కిస్తారంట, అది కరుగుతుందో లేదో చూస్తారంట అని. వెక్కిరింపుగానే చెప్పాడు. నాన్న కాసేపు ఊరుకుని, "మంచిదేగా" అన్నారు.

"ఏంటి మంచిది?"

"చేలో ఊద లేచిందిరా. నువ్వు మనుషుల్ని పెట్టి పైకి కనపడేదంతా పీకించేసి, తర్వాత మందు కొట్టావు. ఆ మందు పనిచేసిందో లేదో నీకెట్టా తెలుస్తుంది? పీకడానికి కలుపు లేదు, చావడానికి కలుపు లేదు. మందు షాపువాడు ఏ డబ్బా ఇచ్చినా ఒకటే నీకు. అదే కలుపు ఉండగా కొట్టావనుకో, మూడోరోజుకి ఆకు పండుబారిందా లేదా కళ్ళతో చూస్తావు. పండుబారకపోతే మందు మారుస్తావు. కనపడని గింజ కూడా చేలో ఉంటుందిగా. పైకి లేచిన ఊద ఆ మందుకి చచ్చిందంటే, ఆ గింజలోంచి మొలిచేదీ చస్తుందని ధైర్యం."

ముప్ఫై ఏళ్ళు వరి పండించిన మనిషి. తర్వాతి వారం డాక్టరమ్మకి ఈ మాట చెబితే పెన్ను కింద పెట్టి, "మీ నాన్నగారిని ఒకసారి మా స్టూడెంట్స్‌తో మాట్లాడించాలి" అన్నారు. ఆవిడ చెప్పిందీ అదే. కాకపోతే ఆవిడ భాషలో. రొమ్ములో గడ్డని కత్తితో తీసేయొచ్చు. కానీ అప్పటికే రక్తంలో పడి ఎక్కడో ఊపిరితిత్తిలోనో కాలేయంలోనో కూర్చున్న నలుసులు ఏ స్కానింగ్‌లోనూ కనపడవు. మనిషిని చంపేవి అవి. మందు వాటికోసం. గడ్డ ఒంట్లో ఉండగా ఇస్తే, కనపడని వాటి మీద ఆ మందు పనిచేస్తోందా అన్నది కనపడే గడ్డ మనకి చెబుతుంది.

అందరికీ ఇలా చేయరట. చిన్న గడ్డ, నెమ్మది రకం అయితే ముందు ఆపరేషనే చేస్తారు. నాది అలా కాదు. బయాప్సీ ముక్కకి మరో పరీక్ష చేస్తారు, హార్మోన్లకి స్పందించే రకమా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రకమా, ఈ రెండూ కాదా అని. నాది రెండూ కాదు. ట్రిపుల్ నెగెటివ్ అన్నారు. మూడు పరీక్షల్లో "నెగెటివ్" వచ్చిందనగానే మా ఆయన "అమ్మయ్య, నెగెటివ్ అంట" అని నిట్టూర్చిన సంగతి ఇప్పటికీ మా ఇంట్లో నవ్వుకుంటాం. కరోనా నేర్పిన లెక్క అది. ఇక్కడ మాత్రం ఆ నెగెటివ్ మంచి మాట కాదు. త్వరగా పెరిగే రకం, త్వరగా తిరిగొచ్చే రకం. కానీ కీమోకి బాగా కరిగే రకం కూడా అదే. ఈ రెండో మాటే పట్టుకున్నా నేను.

మొదలుపెట్టే ముందు గుండె పరీక్ష చేశారు, ఎక్కించబోయే ఎర్ర మందు గుండెకి కొంచెం బరువంట. జన్యు పరీక్షకి రక్తం తీశారు. నాకోసం కాదు, మా అమ్మాయి కోసం. అది తేడా లేదని వచ్చింది. ఇంకో పని చేశారు. గడ్డలోకి సూది పెట్టి, బియ్యపు గింజ కంటే చిన్న లోహపు క్లిప్పు ఒకటి వదిలారు. చంకలో గ్రంథిలో ఇంకోటి. "ఇదెందుకండీ?" అంటే, "గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడుండేదో సర్జన్‌కి తెలియాలి కదా" అన్నారు. గడ్డ ఎక్కడ ఉందో తెలియనంతగా కరుగుతుందా! ఆ క్లిప్పు నాకు దేవుడి తాయెత్తులా అనిపించింది.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పారు. కీమోతోపాటు ఇమ్యునోథెరపీ మందు, పెంబ్రోలిజుమాబ్ అని, ఇస్తే ఈ రకంలో గడ్డ పూర్తిగా పోయే అవకాశం పెరుగుతుంది, ఖరీదు మాత్రం లక్షల్లో, చాలాసార్లు ఎక్కించాలి అని. మా ఆయన చేపల చెరువు లీజు వదులుకుని, ఉన్న ఎకరం అమ్ముతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. అమ్మాయి చదువు మధ్యలో ఉంది. ఆ నిర్ణయం నాది. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

ఫిబ్రవరిలో మొదలైంది. మూడు వారాలకోసారి ఎర్ర మందు, నాలుగుసార్లు. తర్వాత వారం వారం వేరే మందు, పన్నెండుసార్లు. మొదటిది ఎక్కించాక పదహారో రోజు దిండు మీద జుట్టు ఊడొచ్చింది. నోట్లో ఇనప రుచి. కొల్లేటి కొర్రమీను పులుసంటే ప్రాణమిచ్చే నేను, పక్కింట్లో తాలింపు వాసనకి తలుపులేసుకున్నా. రెండో విడత తర్వాత ఒక రాత్రి 101 జ్వరం. ఇంట్లో మాత్ర వేసుకుని పడుకుందామనుకుంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. కీమోలో జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకూడదని అర్ధరాత్రి కారెక్కించింది. తెల్ల కణాలు అడుగంటాయి. నాలుగు రోజులు మంచం మీద.

ఇదంతా ఎవరైనా చెప్పేదే. నేను చెప్పాలనుకున్నది టేపు సంగతి.

షాపులో కస్టమర్ల కొలతలు రాసుకునే నోటుపుస్తకం ఆఖరి పేజీలో ప్రతి ఆదివారం స్నానానికి ముందు నా గడ్డ కొలత రాయడం మొదలుపెట్టా. వేళ్ళతో అటూ ఇటూ అంచు పట్టుకుని, టేపు పెట్టి. మొదటి వారం 3.8. రెండో వారం 3.8. మూడో వారం రాయబుద్ధి కాలేదు, అదే. రెండో విడత తర్వాత ఓ ఆదివారం 3. తప్పు కొలిచానేమో అని మళ్ళీ కొలిచా. 3. ఏప్రిల్‌లో 2. అంచులు పట్టుకోవడానికి వెతుక్కోవాల్సి వచ్చింది. డాక్టరమ్మకి ఆ పేజీ చూపిస్తే నవ్వి, "చేతి కొలత నమ్మొద్దు, వాపు తగ్గినా తగ్గినట్టే ఉంటుంది" అని స్కానింగ్‌కి పంపారు. అందులో 1.7. ఒకవేళ ఈ నడుమ పెరిగి ఉంటే మందు మార్చేవాళ్ళం, లేదా ఆపి ముందే ఆపరేషన్ చేసేవాళ్ళం అన్నారు. అప్పుడు అర్థమైంది, ఆరు నెలలు ఊరికే ఆగమనడం కాదిది. ప్రతి వారం పరీక్ష జరుగుతూనే ఉంది.

కీమో వార్డులో పక్క కుర్చీలో దివిసీమ వదిన కూర్చునేది. అవనిగడ్డ దాటి ఇంకా లోపలికి వాళ్ళ ఊరు. మొదటిరోజే "వదినా" అని పిలిచింది, నేనూ అలాగే పిలిచా. 1977 ఉప్పెనలో తాడిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉన్న పిల్ల ఆవిడ. "నీళ్ళు మెడ దాకా చూసినదాన్ని, ఇదెంత" అనేది. అలాంటి మనిషి ఒక రోజు స్కానింగ్ కాగితం చేతిలో పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. ఐదు సెంటీమీటర్ల గడ్డ నాలుగు విడతలకి నాలుగున్నర అయింది. అంతే. అంతకుముందు వారమే నేను సంబరంగా నా కొలతలు ఆవిడకి చెప్పా. ఎంత తప్పు చేశానో అప్పుడు తెలిసింది.

ఆవిడది హార్మోన్ రకం. డాక్టరమ్మ మా ఇద్దరి మధ్యా స్టూలేసుకుని కూర్చుని చెప్పారు. "మీ ఇద్దరి జబ్బుకీ పేరొకటే గానీ జబ్బు ఒకటి కాదు. మీది నెమ్మదిగా పెరిగే రకం. కీమో వేగంగా చీలే కణాల్ని పట్టుకుంటుంది. నెమ్మది రకం దానికి అంతగా దొరకదు, పూర్తిగా మాయమవడం అరుదు. దానికి అసలు మందు ఆపరేషన్ తర్వాత ఏళ్ళ తరబడి వేసుకునే హార్మోన్ మాత్ర. కరగలేదని మీరు ఓడిపోయినట్టు కాదు. ఈవిడది వేగం రకం. కరిగితీరాలి. కరక్కపోతే అప్పుడు నేను భయపడతా." దివిసీమ వదిన కొంగుతో మొహం తుడుచుకుని, "అంటే నాది మొండి గొడ్డు, దీనిది పొగరు గొడ్డు" అంది.

వార్డులో ఒకరి స్కానింగ్ ఒకరు చూసి బెంగపడేవాళ్ళు ఎందరో. ఈ మాట గోడ మీద రాసి పెడితే బాగుండేది.

మే నెలలో వారం వారం మందు మొదలయ్యాక వాంతులు తగ్గాయి గానీ వేళ్ళ కొసలు మొద్దుబారాయి. సూదిలో దారం ఎక్కలేదు. హుక్కు చేతికి తగిలేది కాదు. జుట్టు పోయినప్పుడు ఏడవని నేను దానికి ఏడ్చా. జుట్టుతో జాకెట్లు కుట్టం కదా.

జూన్ ఆఖరి ఆదివారం టేపు తీశా. కొలవడానికి ఏమీ లేదు. ఎంత నొక్కినా తగల్లేదు. నోటుపుస్తకంలో సున్నా పెట్టి చుట్టూ గీత గీశా. కీమో అయిపోయాక స్కానింగ్‌లో కూడా "గడ్డ దాదాపుగా కనిపించడం లేదు" అని వచ్చింది.

అసలు గొడవ అక్కడ మొదలైంది. ఈసారి మొండికేసింది నేను. గడ్డ లేదు. లేని గడ్డకి ఆపరేషన్ ఏంటి? ఊళ్ళో పెద్దావిడ ఒకరు, "స్వామి కరిగించాడమ్మా, ఇంక కత్తి పెట్టించుకుంటే ఆయన్ని నమ్మనట్టే" అన్నారు. అది నేను పెద్దగా నమ్మలేదు గానీ వినడానికి హాయిగా ఉంది. ముందొచ్చేది శ్రావణమాసం, పెళ్ళిళ్ళు, షాపు మూసి అప్పటికే ఆరు నెలలు. డబ్బు కొంత కార్డు మీద వెళ్ళినా చేతిది చాలా అయింది. ఫిబ్రవరిలో "ఇప్పుడే కోయండి" అని పోరాడిన ఇంట్లో, జులైలో "అసలు కోయొద్దు" అని పోరాటం. రెండు వారాలు ఆసుపత్రి ఫోనెత్తలేదు.

మా అమ్మాయి బి.ఫార్మసీ చదువుతోంది. అరవలేదు, బతిమాలలేదు. ఒక సాయంత్రం కూర్చోబెట్టి కథలా చెప్పుకొచ్చింది. "అమ్మా, కైకలూరు మీదుగా వెళితే భీమవరం ఎంత దూరం? అక్కడ 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు తెలుసా?" పేరు తెలుసు. స్కూల్లో ఎక్కడో చదివా. ఆయన అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఉండగా ఆయన బృందం తయారుచేసిన మందునే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చారట. క్యాన్సర్‌ని మందుతో వెనక్కి నెట్టొచ్చని ప్రపంచం 1948లో చూసింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. అదే కుటుంబంలో తర్వాత వచ్చిన మందు మెథోట్రెక్సేట్. దాన్ని ఇంకో రెండింటితో కలిపి, రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకి ఇటలీలో బొనడోనా అనే ఆయన ఇచ్చి, జబ్బు తిరిగి రావడం తగ్గిందని 1976లో చూపించారు. అప్పటిదాకా అంతా ముందు కత్తి, తర్వాత మందు.

"ముందు మందు, తర్వాత కత్తి పెడితే ఏమవుతుందని 1988లో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం పరీక్ష మొదలుపెట్టింది. 1500 మందికి పైగా ఆడవాళ్ళు. సగం మందికి ముందు కీమో, సగం మందికి తర్వాత. ఏళ్ళ తరబడి చూస్తే రెండు వైపులా బతికినవాళ్ళ లెక్క ఒకటే. అంటే గడ్డని లోపల పెట్టుకుని ఆగినందుకు నష్టం జరగలేదు. మావయ్య భయం తప్పని తేలింది. ఇప్పుడు నీ సంగతి. ముందు కీమో తీసుకున్నవాళ్ళలో వందకి 36 మందికి గడ్డ చేతికి తగలకుండా పోయింది, నీలాగే. ఆపరేషన్ చేసి ఆ ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, ఆ తగలనివాళ్ళలో నలుగురిలో ఒకరికే నిజంగా పోయింది. మిగతా ముగ్గురికి లోపల ఉంది."

"ఇప్పుడు మందులు మెరుగయ్యాయిగా?"

"అయ్యాయి. నీ రకంలో ఇంచుమించు సగం మందికి పూర్తిగా పోతోంది. నువ్వు ఏ సగంలో ఉన్నావో టేపు చెప్పదమ్మా."

పక్కనే వల బాగుచేసుకుంటున్న మా ఆయన అప్పటిదాకా నోరు విప్పలేదు. "చెరువు ఎండగట్టేటప్పుడు చూడవా?" అన్నాడు. "కొన్ని చెరువులు అంచుల్లోంచి తగ్గుకుంటూ వచ్చి నడిమధ్యలో ఒక్క మడుగు మిగులుతుంది. కొన్ని అలా కాదు. పైకి అంతా ఎండినట్టే ఉంటుంది, దిగి చూస్తే ఇక్కడో గుంట, అక్కడో గుంట. ఆ గుంటల్లోనే మట్టగిడస బతికుంటుంది." తర్వాత డాక్టరమ్మని అడిగితే గడ్డలూ సరిగ్గా ఈ రెండు రకాలుగానే కరుగుతాయన్నారు. గుంటలు గుంటలుగా మిగిలితే స్కానింగ్ కూడా మోసపోతుందట. మా ఇంట్లో మగవాళ్ళకి చదువు తక్కువ గానీ ఇలాంటివి బాగా అర్థమవుతాయి.

ఆగస్టు మూడోవారంలో ఆపరేషన్ అయింది. గడ్డ కరగబట్టి రొమ్ము మొత్తం తీయలేదు, క్లిప్పు చుట్టూ ఉన్న భాగమే తీశారు. ఫిబ్రవరిలోనే చేసి ఉంటే మొత్తం పోయేదన్నారు సర్జన్ గారు. చంకలో క్లిప్పు ఉన్న గ్రంథితోపాటు ఇంకో మూడు తీశారు.

పది రోజులకి రిపోర్టు. నేను సున్నా కోసం వెళ్ళా. చీర కూడా మంచిది కట్టుకుని వెళ్ళా.

9 మిల్లీమీటర్లు మిగిలి ఉంది.

ఆ తర్వాత డాక్టరమ్మ ఏం చెప్పారో నాకు వినపడలేదు. మా నాన్న చెవులు నాకొచ్చినట్టయింది. తిరిగొస్తుంటే కంకిపాడు, ఉయ్యూరు దాటేదాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు. పామర్రు దగ్గర మా ఆయన కారు పక్కకి ఆపి, "ఎకరం అమ్మేయాల్సింది" అన్నాడు. అదొక్కటే అన్నాడు. ఆ ఖరీదైన మందు కూడా పడి ఉంటే? ఈ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది. డాక్టరమ్మని అడిగా కూడా. "పడి ఉంటే పోయేదేమో, పోకపోయేదేమో. మీ ఒక్కరి విషయంలో ఎవరూ చెప్పలేరు" అన్నారు. అబద్ధం చెప్పి ఓదార్చనందుకు ఆవిడ మీద గౌరవం పెరిగింది, నిద్ర మాత్రం పట్టలేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, ఈసారి కాగితం పెన్నూ పట్టుకుని విన్నా. 38 మిల్లీమీటర్లది 9 అయింది. ఆ 9లో కూడా అంతా జబ్బు కాదు, ఐదో వంతే బతికున్న క్యాన్సర్ కణాలు, మిగతాది మచ్చ. తీసిన నాలుగు గ్రంథుల్లో ఒక్కదాంట్లోనూ జబ్బు లేదు. క్లిప్పు ఉన్న గ్రంథిలో మచ్చ కనిపించింది, అంటే అక్కడ ఉండి చచ్చిపోయింది. ఇవన్నీ కలిపి మిగిలిన జబ్బుకి ఒక లెక్క కడతారు, ఆర్‌సీబీ అని. సున్నా నుంచి మూడు దాకా తరగతులు. నాది రెండో తరగతి, అందులోనూ కింది అంచున.

"ముందే ఆపరేషన్ చేసి ఉంటే ఈ కాగితంలో 3.8 సెంటీమీటర్లు, ఒక గ్రంథిలో జబ్బు అని ఉండేది. తర్వాత ఇవే మందులు ఇచ్చేదాన్ని. అవి దేన్ని చంపాయో, దేన్ని వదిలేశాయో నాకూ మీకూ ఎప్పటికీ తెలిసేది కాదు. కీమో అయిపోయింది, ఇంటికెళ్ళండి అనేదాన్ని. ఇప్పుడు ఆ మందులకి లొంగని కణాలు కొన్ని ఉన్నాయని తెలిసింది. కాబట్టి ఇంటికి పంపను" అన్నారు.

మిగిలినవాళ్ళకి ఏం చేయాలన్న దానికి జవాబు జపాన్, కొరియా నుంచి వచ్చిందట. ముందు కీమో తీసుకున్నాక కూడా జబ్బు మిగిలిన 910 మందిలో సగం మందికి కేపసిటబిన్ అనే మాత్రలు అదనంగా ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. నా రకం వాళ్ళలో మాత్రలు లేనివాళ్ళు ఐదేళ్ళకి వందకి 70 మంది బతికుంటే, మాత్రలు వాడినవాళ్ళు దాదాపు 79 మంది. హెర్2 రకం వాళ్ళకి మిగిలితే వేరే ఇంజెక్షన్ ఉంది, అది 2019లో తేలిందట.

79 మంది అనగానే నా మనసు మిగతా 21 మంది దగ్గరికే పోయింది. డాక్టరమ్మకి తెలిసిపోయినట్టుంది. "ఆ తొమ్మిది మందిని చూడండమ్మా. ఆ కాగితం లేకపోతే వాళ్ళు లేరు" అన్నారు.

అక్టోబరులో మూడు వారాలు రేడియేషన్. ఆ తర్వాత మాత్రలు. రెండు వారాలు వేసుకోవాలి, ఒక వారం ఆపాలి, అలా ఎనిమిదిసార్లు. జుట్టు మళ్ళీ మొలుస్తుంటే ఈసారి అరచేతులూ అరికాళ్ళూ నల్లబడి, పొట్టు లేచి, మంట. వేడినీళ్ళ గిన్నె పట్టుకోలేను. మా ఆయన అంట్లు తోమడం నేర్చాడు. రెండు పగలగొట్టాడు. ఐదో విడతకి మాత్ర మోతాదు కొంచెం తగ్గించారు. ఎనిమిదోది ఈ ఏప్రిల్‌లో అయింది.

ఈ రకం తిరిగొస్తే మొదటి రెండు మూడేళ్ళలోనే ఎక్కువగా వస్తుందని చెప్పారు. అందుకని మూడు నెలలకోసారి విజయవాడ. వెళ్ళేముందు రెండు రాత్రులు నిద్ర ఉండదు. వచ్చాక బాగా ఆకలేస్తుంది.

షాపు మళ్ళీ తెరిచా. వేళ్ళ కొసలకి స్పర్శ ముప్పావు వంతు వచ్చింది. హుక్కులు పక్క వీధి అమ్మాయి కుడుతోంది. మొన్న దివిసీమ వదిన ఫోన్ చేసింది. ఆవిడకి రొమ్ము మొత్తం తీసేశారు, రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది, మనిషి బాగుంది. మనవరాలి ఓణీల ఫంక్షనంట. "వదినా, ఒక పక్క లేదు కదా, జాకెట్ జారిపోతోంది. నువ్వైతే మెత్తటి గుడ్డతో లోపల ఏదైనా పెట్టి కుడతావని" అంది. కొలతలు ఫోన్లో చెప్పమన్నా. నోటుపుస్తకం తీస్తే ఖాళీగా ఉన్నది ఆఖరి పేజీ ఒక్కటే. నా 3.8, 3, 2, సున్నా, దాని పక్కనే తర్వాత రాసిన 0.9. వాటి కింద ఆవిడ భుజం, చంక, చేయి పొడుగు రాసుకున్నా. నడుము కొలత ఆవిడ తప్పు చెప్పింది, మళ్ళీ అడగాలి.